మోనో రికార్డింగులను స్టీరియోగా కూర్చుట

(సంఘ సభ్యుల సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "అయ్యా, నేను ప్రసంగీకుణ్ణి కాను. మైకుసెట్టు చూసుకొనేవాణ్ణి. నేనేమి చెప్పగలను?" అని తప్పించుకోబోయాను. "ఆ మైకుసెట్టు సంగతే చెప్పండి" అన్నారు. ఇక తప్పించుకొనే దారి లేకపోయింది. కాబట్టి నాకు తెలిసిన ఒక్క పనిని గురించే మనవి చేస్తాను. విడివిడిగా చేసిన రెండు మోనో రికార్డింగులను కంప్యూటరులో జతచేసి ఒక స్టీరియో ఫైలుగా తయారుచేయటమే ఆ పని.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని అనుకోవద్దు. మనలో ప్రతి ఇంట ఎవరో ఒకరు సెల్‌ఫోనుతో తాతగారి మాటలో, పిల్లల పాటలో, పెండ్లినాటి ముచ్చట్లో రికార్డు చేస్తూనే ఉన్నారు. బీరువాలో పాత క్యాసెట్లు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని "బాగుచేద్దాము" అని మన యువకులు కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు. ఆ ఉత్సాహముతోనే నేనొక పొరపాటు చేసి మా పిన్నిని బాధపెట్టాను. ఆ సంగతి చివరలో చెప్తాను. అది అర్థము కావాలంటే మోనో ఏమిటో, స్టీరియో ఏమిటో ముందు కొంత తెలియాలి.

మీరు కళ్లు మూసుకొని కూర్చున్నారనుకోండి. కుడివైపు బల్లమీద ఒక పిల్లవాడు తుమ్మితే, చూడకుండానే కుడివైపు అని చెప్పగలరు. ఎలా చెప్పగలిగారు? శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణము చేస్తుంది. ఆ తుమ్ము ముందు మీ కుడి చెవిని తాకి, తల చుట్టి ఎడమ చెవికి చేరుతుంది. ఈ రెండింటికీ మధ్య వ్యవధి ఎంతో తెలుసునా? అత్యధికంగా చూసినా సెకనులో వెయ్యవ వంతు కూడా ఉండదు, అందులో పదింట ఆరేడు పాళ్లు మాత్రమే. పైగా తల అడ్డురావటంచేత ఎడమ చెవికి ఆ చప్పుడు కాస్త మందముగా వినబడుతుంది. ఈ రెండు స్వల్ప భేదాలను పట్టుకొని మెదడు దిక్కు నిర్ణయిస్తుంది.

ఒక్క మైకుతో రికార్డు చేస్తే ఈ భేదము నమోదు కాదు. అది మోనో. ఎన్ని స్పీకర్లు పెట్టి వినిపించినా అందరి గొంతులు ఒకే చోటునుండి వస్తాయి. ఒకే సమయములో రెండు మైకులతో రెండు రికార్డింగులు చేసి, ఒకదానిని ఎడమకు, రెండవదానిని కుడికి వినిపిస్తే ఆ భేదము నిలుస్తుంది. అది స్టీరియో. గాయక బృందములో స్త్రీలు ఎడమన, పురుషులు కుడిన నిలబడ్డారని వినేవారికి తెలిసిపోతుంది.

ఈ ఆలోచన చాలా పాతది. 1881లో పారిస్ నగరములో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్ అనే ఆయన అక్కడి ఒపేరా రంగస్థలము ముందర మైకులు అమర్చి, వాటి తీగలను ప్రదర్శనశాలకు లాగాడు. జనము రెండు చెవులకు రెండు టెలిఫోను రిసీవర్లు పెట్టుకొని విన్నారు. గాయకులు రంగస్థలముమీద అటూ ఇటూ నడుస్తుంటే వారి గొంతులు కూడా నడిచినట్లు తోచి ఆశ్చర్యపోయారు. తరువాత 1931 డిసెంబరులో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్లీన్ అనే యువ ఇంజనీరు రెండు మార్గములలో శబ్దమును పట్టి, ఒకే గ్రామఫోను గాడిలో రెండింటినీ ఇమిడ్చే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆయన 1942లో రాడార్ పరీక్ష జరుపుతున్న విమానము కూలిపోగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 38 సంవత్సరములే.

మన అంశానికి మరింత దగ్గరి సంఘటన ఇంకొకటి ఉన్నది. 1932 ఫిబ్రవరిలో అమెరికాలో విక్టర్ కంపెనీవారు డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందమును రికార్డు చేశారు. ఆ రోజులలో మైనపు పలకమీద రికార్డు చెక్కేవారు. వారు ఒకే వాయింపును రెండు యంత్రములమీద, రెండు వేర్వేరు మైకులనుండి చెక్కారు. ఒకటి చెడిపోతే రెండవది పనికివస్తుందని అలా చేసి ఉంటారని సాధారణముగా భావిస్తారు. స్టీరియో చేయాలని వారు అనుకోలేదు. రెండు పలకలనుండీ మోనో రికార్డులు తయారైనవి. యాభై సంవత్సరములు గడచిన తరువాత, 1980లలో, బ్రాడ్ కే, స్టీవెన్ లాస్కర్ అనే ఇద్దరు సేకర్తలు ఒకే పాట రికార్డులు రెండింటిలో స్వల్ప భేదము గమనించారు. వాయింపు ఒక్కటే, మైకు చోటు మాత్రము వేరు. రెండింటినీ జోడించి, ఒకదానిని ఎడమకు, ఒకదానిని కుడికి పంపగా, వాద్యగాళ్లు ఎవరి చోట వారు కూర్చున్నట్లు వినబడింది. ఎవరూ తలపెట్టని స్టీరియో అది. రెండు పలకలూ పారవేయకుండా ఉంచినందువలన, రెండింటినీ కలపవచ్చునని ఒకరికి తోచినందువలన అది మనకు దక్కింది.

వారు ఎంతో శ్రమపడి చేసిన పనిని ఈనాడు మనము ఇంటిలో కూర్చొని చేసుకోవచ్చును. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉన్నది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రారంభించగా 2000 సంవత్సరములో అది లోకానికి విడుదలైంది. డబ్బు చెల్లించనక్కరలేదు. దానిలో ఈ పని ఎలా చేయాలో చెప్తాను. కాగితము, కలము ఉన్నవారు వ్రాసుకోండి.

ముందుగా రెండు మోనో ఫైళ్లను తెరవండి. తెరమీద ఒకదానిక్రింద ఒకటిగా రెండు అలల బొమ్మలు కనబడతాయి. పైన ఉన్నది ఎడమ అవుతుంది, క్రింద ఉన్నది కుడి అవుతుంది. వరుస తప్పితే పురుషులు స్త్రీల స్థానములోకి వస్తారు, జాగ్రత్త. రెండు ఫైళ్ల శాంపిలు రేటు ఒకటేనా అని చూడండి. సి.డి. ప్రమాణము సెకనుకు 44,100. ఒకటి 44,100, రెండవది 48,000 ఉంటే ముందు రెండింటినీ సమానము చేయాలి.

తరువాత రెండింటి మొదలు కలపాలి. ఒకే యంత్రము ఎడమకు ఒక ఫైలు, కుడికి ఒక ఫైలు వ్రాసి ఇచ్చినట్లయితే అవి కలిసే ఉంటాయి, ముట్టుకోకండి. రెండు ఫోనులతో విడివిడిగా రికార్డు చేసి ఉంటే మాత్రము జరపవలసి వస్తుంది. ఇందుకొరకే సినిమావాళ్లు పలక కొడతారు. మనము రికార్డింగు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే చాలును. బొమ్మలో ఆ చప్పట్లు సూదిమొనలాగా కనబడతాయి. రెండు మొనలు ఒకే గీతమీదికి వచ్చేవరకు క్లిప్పును జరపండి.

చివరి చప్పట్లు ఎందుకు? రెండు యంత్రములలోని గడియారములు ఎన్నడూ సరిగా ఒకటే నడవవు. పది లక్షల పాళ్లకు ఇరవై పాళ్ల తేడా ఉన్నా, గంట గడిచేసరికి అది 72 మిల్లీసెకనులు అవుతుంది. సెకనులో పద్నాలుగవ వంతు అన్నమాట. మొదట చక్కగా కలిసిన పాట చివరికి వచ్చేసరికి నూతిలో పాడినట్లు ప్రతిధ్వనిస్తుంది. అప్పుడు స్పీడు మార్చే ఎఫెక్టుతో ఒక ట్రాకును రవ్వంత సాగదీసిగాని, కుదించిగాని చివరి చప్పట్లు కూడా కలపాలి. రెండు క్యాసెట్ రికార్డర్లతో చేసిన పాత రికార్డింగులైతే మరీ కష్టము. టేపు ఒకచోట మెల్లగా, ఒకచోట వడిగా నడుస్తుంది. వాటిని ఎంత కలిపినా గొంతులు అటూ ఇటూ తూలుతూనే ఉంటాయి. అలాంటివాటిలో మంచిదానిని ఒకదానిని ఎన్నుకొని మోనోగానే ఉంచటము మేలని నా అనుభవము.

మొదళ్లు, చివరలు కలిసిన తరువాత పై ట్రాకు పేరు దగ్గరున్న చిన్న గుర్తును నొక్కితే ఒక పట్టిక తెరుచుకుంటుంది. అందులో "మేక్ స్టీరియో ట్రాక్" అని ఉంటుంది. దానిని నొక్కండి. రెండూ ఒకటవుతాయి. తరువాత వావ్ ఫైలుగా భద్రపరచండి. సి.డి. ప్రమాణములో నిమిషము మోనో అయితే సుమారు 5.3 మెగాబైట్లు, స్టీరియో అయితే 10.6 మెగాబైట్లు పడుతుంది. బంధువులకు పంపటానికి చిన్నదైన ఎంపీత్రీ ప్రతి వేరే తీసుకోండి. పని అంతే.

ఇక్కడ ఒక భ్రమను గురించి చెప్పాలి. ఒకే మోనో రికార్డింగును రెండుసార్లు తెరచి, ఒకటి పైన, ఒకటి క్రింద పెట్టి స్టీరియో చేశామని సంతోషించేవారున్నారు. నేనూ ఒకప్పుడు చేశాను. అది స్టీరియో కాదు. ఫైలు బరువు రెండింతలైందేగాని, రెండు చెవులకూ వెళ్లేది ఒకటే. ఒకే ఉత్తరమును రెండు కవర్లలో పెట్టి పంపితే రెండు సమాచారములు అందినట్లు కాదుగదా! మోనో క్యాసెట్‌ను స్టీరియో డెక్కులో వేసి కంప్యూటరుకు ఎక్కించినా ఇదే జరుగుతుంది. చూపుకు రెండు ట్రాకులు, విషయము ఒక్కటి. అప్పుడు రెండింటిలో తేటగా ఉన్నదానిని ఉంచుకొని రెండవదానిని వదిలివేయవచ్చును.

ఇటీవల ఒకే మోనో రికార్డింగులోనుండి గొంతును, వాద్యములను విడదీసే సాధనములు వచ్చాయి. 2023లో బీటిల్స్ బృందము విడుదల చేసిన పాటకొరకు, 1970లలో జాన్ లెన్నన్ ఇంటిలో క్యాసెట్‌మీద పాడుకొన్న గొంతును పియానోనుండి విడదీసి వాడారు. అది గొప్ప పనే. అయినా అలా విడదీసినవాటిని ఎడమ, కుడి అని పంచేది ఈనాటి మనిషి నిర్ణయము. ఆనాడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఒక్క మైకు చెప్పలేదు. అటువంటి ఫైలుమీద "తరువాత విడదీసి కూర్చినది" అని వ్రాసి ఉంచటము ధర్మము.

ఇక నా పొరపాటు సంగతి.

2016లో మా అమ్మా నాన్నలను వరండాలో కూర్చోబెట్టి, ఇద్దరి బట్టలకు రెండు చిన్న మైకులు తగిలించి, వారి పెండ్లినాటి ముచ్చట్లు ముప్పావుగంటసేపు రికార్డు చేశాను. నాన్న ప్రశ్నలు వేయటము, అమ్మ జవాబులు చెప్పటము. రెండు మైకులకు రెండు మోనో ఫైళ్లు వచ్చాయి. మర్నాడే నేను ఇప్పుడు మీకు చెప్పినట్లే నాన్నను పైన, అమ్మను క్రింద పెట్టి స్టీరియో చేశాను. నాన్న పూర్తిగా ఎడమ, అమ్మ పూర్తిగా కుడి. అంతటితో ఊరుకోలేదు. నాన్న మైకులో అమ్మ గొంతు సన్నగా పడి ఉంటే, శుభ్రముగా ఉండాలని ఆ ముక్కలన్నీ నిశ్శబ్దము చేశాను. అమ్మ మైకులోనూ అలాగే చేశాను. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని విని, ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయాను.

రెండేళ్ల తరువాత అమ్మ పోయింది. అప్పుడు ఆ ఫైలును బంధువులందరికీ ఫోనులో పంపాను. మా పిన్ని వేరే ఊరిలో ఉంటుంది. అమ్మకు ఒక్కతే చెల్లెలు. రెండు రోజులకు ఫోను చేసింది.

"ఒరే అబ్బాయ్, నువ్వు పంపింది విన్నానురా. బావగారు బాగానే మాట్లాడారు. అక్క ఏదిరా?"

"అదేమిటి పిన్నీ, అందులో అమ్మే కదా ఎక్కువ మాట్లాడింది!"

"లేదురా. ఆయన అడుగుతూ ఉన్నారు, అక్క పలకటమే లేదు. అలిగిందా? ఒంట్లో బాగాలేదా అప్పటికే?"

నాకు ఒక్కక్షణము నోట మాట రాలేదు. మా పిన్నికి చిన్నతనములో చీము పట్టి కుడి చెవి పోయింది. ఇంటిలో అందరమూ ఆమెకు ఎడమపక్కన కూర్చొనే మాట్లాడతాము. నాకు ఊహ తెలిసినప్పటినుండీ అది నా అలవాటు. అటువంటి నేను, ఆమె అక్క గొంతును పూర్తిగా ఆ కుడి చెవికే పంపాను. ఎడమ చెవిలో ఎక్కడైనా సన్నగా వినబడేదానిని కూడా నా చేతులతోనే తుడిచివేశాను. ఆమె రెండు రోజులు ఆ ప్రశ్నలనే మళ్లీ మళ్లీ విన్నదట. జవాబు వస్తుందేమోనని.

అదృష్టవశాత్తూ మొదటి రెండు మోనో ఫైళ్లు ఒక పాత పెన్‌డ్రైవులో అలాగే ఉన్నాయి. ఆ రాత్రే కూర్చొని మళ్లీ చేశాను. ఈసారి "మేక్ స్టీరియో" జోలికి పోలేదు. రెండు ట్రాకులను రెండుగానే ఉంచి, ప్రతి ట్రాకుకు ఉండే ఎడమ-కుడి మీటను నాన్నకు కొంచెము ఎడమకు, అమ్మకు కొంచెము కుడికి జరిపాను. చివరిదాకా కాదు, నూటికి ఇరవై వంతులు మాత్రమే. అలా చేస్తే ఇద్దరి గొంతులు రెండు చెవులకూ అందుతాయి, రెండు చెవులున్నవారికి ఇద్దరు పక్కపక్కన కూర్చున్నట్లు కూడా తెలుస్తుంది. తుడిచివేసిన ముక్కలను తుడవలేదు. ఇద్దరూ ఒకేసారి నవ్వినచోట నవ్వులు కలిసిపోతే కలిసిపోనిచ్చాను.

పిన్ని మర్నాడు ఫోను చేసి ఎక్కువ మాట్లాడలేదు. "విన్నానురా. అక్క నా పెండ్లిచీర సంగతి కూడా చెప్పింది" అన్నది. తరువాత ఏడ్చింది.

సోదరీ సోదరులారా, ఆ రోజునుండి నేనొక నియమము పెట్టుకొన్నాను. ఏ స్టీరియో ఫైలు చేసినా, బయటికి పంపకముందు మూడుసార్లు వింటాను. ఎడమ చెవితో మాత్రమే ఒకసారి, కుడి చెవితో మాత్రమే ఒకసారి. మూడవసారి రెండింటినీ కలిపి మోనోగా మార్చి, ఒక్క స్పీకరుమీద. ఆడాసిటీలో స్టీరియోను మోనోగా కలిపి చూసే సదుపాయము ఉన్నది. విన్న తరువాత ఆ మార్పును వెనక్కు తీసుకోవచ్చును.

ఈ మూడవసారి వినటము మరొక దోషమును కూడా పట్టి ఇస్తుంది. ఒకసారి గాయక బృందమును రెండు మైకులతో రికార్డు చేశాను. ఒక మైకు తీగలో లోపలి రెండు వైర్లు తారుమారై ఉన్నాయని నాకు తెలియదు. హెడ్‌ఫోనులో వింటే విశాలముగా, గొప్పగా ఉన్నది. హాలులో ఒక్క ఆంప్లిఫయరుకు రెండు చానెళ్లు కలిపి ఇవ్వగానే మధ్యలో నిలబడి పాడిన అమ్మాయి గొంతు దాదాపు మాయమైంది! ఒక మైకులో అల పైకి లేచినప్పుడు రెండవ మైకులో క్రిందికి దిగింది. రెండూ కలిస్తే ఒకదానినొకటి కొట్టివేసుకొన్నాయి. దీనికి మందు తేలికే. స్టీరియో ట్రాకును మళ్లీ రెండు మోనో ట్రాకులుగా విడదీసి, ఒకదానిని మాత్రము "ఇన్వర్ట్" అనే ఎఫెక్టుతో తిరగవేసి, తిరిగి కలిపితే సరిపోతుంది. తెలుసుకొంటే అయిదు నిమిషముల పని. తెలియకపోతే ఆ అమ్మాయి తల్లిదండ్రులకు ఏమి సమాధానము చెప్తాము?

కాబట్టి మన యువకులకు నా మనవి ఇది. పాటలవంటివి రెండు మైకులతో ఒకే సమయములో పట్టినవైతే ఎడమ కుడిగా నిండుగా కలపండి. ఫ్రెంచి రేడియోవారు రెండు మైకులను 17 సెంటీమీటర్ల ఎడముతో, 110 డిగ్రీల కోణములో పెట్టే పద్ధతి ఒకటి కనిపెట్టారు, అది మన గాయక బృందమునకు బాగుగా సరిపోతుంది. ఇద్దరి సంభాషణ అయితే మాత్రము ఒకరిని ఒక చెవికి, ఒకరిని మరొక చెవికి కట్టివేయవద్దు. మొదటి మోనో ఫైళ్లను ఎన్నడూ చెరపవద్దు. ఎడమ ఎవరు, కుడి ఎవరు, ఏ తేదీ, ఏ ఊరు అన్నది ఒక కాగితముమీద వ్రాసి, ఫైలు పేరులో కూడా పెట్టండి. రెండు వేర్వేరు చోట్ల రెండు ప్రతులు దాచండి.

పెద్దలకు ఒక మాట. మీలో ఎవరికైనా ఒక చెవి సరిగా వినబడకపోతే సిగ్గుపడక పిల్లలతో చెప్పండి. ఆండ్రాయిడ్ ఫోనులోను, ఐఫోనులోను యాక్సెసిబిలిటీ అనే చోట "మోనో ఆడియో" అనే మీట ఉన్నది. దానిని వేస్తే రెండు వైపుల శబ్దము కలిసి, మీకు వినబడే చెవికే మొత్తము వస్తుంది. ఆ సంగతి నాకు 2018లో తెలిసి ఉంటే పిన్నికి ఫోనులోనే చెప్పి ఉండేవాణ్ణి. సభ ముగిసిన తరువాత నేను ఆంప్లిఫయరు దగ్గరే ఉంటాను. ఎవరికి కావాలంటే వారి ఫోనులో ఆ మీట వేసి ఇస్తాను. పాత క్యాసెట్లు తెచ్చినవారు కూడా అక్కడికే తీసుకొని రండి.